కోట మీంచి కనపడిన పడుగు

చైనా గోడ చంద్రుడి మీద నుంచి కూడా కనపడుతుందని ఎప్పుడో ఒకప్పుడు ఎవరికో చెప్పిన మీరు, చూసిందెవరని ఒక్కసారైనా అడిగారా? అడిగి ఉండరు. మీకు చెప్పినవాళ్ళూ అడగలేదు, వాళ్ళకు చెప్పినవాళ్ళూ అడగలేదు. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టకముందే పుట్టిన మాట ఇది. అక్కడికి ఎవరూ పోకముందే అక్కడి నుంచి ఏం కనపడుతుందో మనకు తెలిసిపోయింది! ఆ తర్వాత పోయినవాళ్ళు పోయారు, వచ్చినవాళ్ళు వచ్చారు. చైనా దేశపు వ్యోమగామి ఒకాయన భూమి చుట్టూ తిరిగి వచ్చి, మా గోడ నాకే కనపడలేదని ఉన్నమాట చెప్పాడు. అయినా మన క్విజ్ పోటీల్లో ఆ గోడ ఇంకా కనపడుతూనే ఉంది.

మొన్న ఆదోనిలో ఒక బడివాళ్ళు పిలిస్తే పిల్లలతో మాట్లాడడానికి వెళ్ళాను. గోడ కనపడుతుందని నమ్మేవాళ్ళు చేతులెత్తండి అన్నాను. గది నిండా చేతులు. వెనక నిలబడ్డ టీచర్లు మాత్రం చెయ్యి ఎత్తాలో వద్దో తెలియక చీర కొంగులూ జేబులూ సర్దుకున్నారు. నేను చెప్పుకుంటూ పోయాను. గోడ పొడవు చాలా ఉంది, నిజమే. కానీ వెడల్పు మన ఊరి రోడ్డంత. రంగేమో చుట్టూ ఉన్న మట్టి రంగే. చంద్రుడి మీద నిలబడి చెయ్యి చాచి బొటనవేలు అడ్డం పెడితే భూమి మొత్తం ఆ వేలి వెనక దాక్కుంటుంది. అందులో గోడను ఎక్కడ వెతుకుతారు? అంతలో ముందు బెంచీలోంచి రెండు జడల పిల్ల ఒకతి లేచింది.

"అట్లెట్ల మేడం? మా నాయన ఫోన్లో మా ఇంటి మిద్దె కనపడతాది. మిద్దె మీద మాయమ్మ ఆరేసిన దుప్పటి గూడా కనపడతాది. దుప్పటి కనపడి గోడ కనపడదా?"

తరగతంతా గొల్లుమంది. నాకు ఆ పిల్లను ఎత్తుకోవాలనిపించింది. అడగాల్సిన ప్రశ్న అదే కదా! ఫోనులోని బొమ్మ తీసింది మనిషి కన్ను కాదనీ, పెద్ద పెద్ద అద్దాలున్న కెమెరా అనీ, దగ్గరి బొమ్మలు చాలా వరకు విమానాల్లోంచి తీసినవనీ చెప్పాను. మనం మాట్లాడుకుంటున్నది ఉత్త కంటి గురించి.

"అయితే మా ఆదోనిలో ఏం కనపడతాది? కోట కనపడదా?"

"కోట గోడలు కనపడవు. చంద్రుడి మీంచైతే ఊరే కనపడదు. భూమి చుట్టూ దగ్గరగా తిరిగే వ్యోమగాములకు మాత్రం తుంగభద్ర డ్యాము వెనక నిలిచిన నీళ్ళు కనపడతాయి. రాత్రయితే ఊళ్ళ దీపాలు కనపడతాయి. మీ వీధి లైటు వెలుగు కూడా అందులో కలిసే ఉంటుంది."

"అయితే కరెంటు పోతే మేం లేనట్లే" అని కూర్చుంది. మళ్ళీ గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. నవ్వుతూ కిటికీలోంచి చూస్తే ఎదురుగా కోట గుట్ట, రాళ్ళ మీద రాళ్ళు పేర్చినట్టు, ఎండలో తెల్లబడి నిలబడి ఉంది. ఆ గుట్ట మీద నేను మా తాత చెయ్యి భుజం మీద వేసుకుని ఎక్కిన పొద్దు గుర్తొచ్చింది. ఆ తర్వాత పిల్లలకు ఏం చెప్పానో నాకే తెలియదు.

మాది ఎమ్మిగనూరులో మగ్గాల వీధి. మా తాత ఈరన్న, మా నాయన, మా చిన్నాయన, ముగ్గురివీ మూడు మగ్గాలు, ఒకే పొడుగాటి గదిలో. నేలలో తవ్విన గుంతల్లో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేసేవారు. తెల్లవారగానే వంటింట్లో అవ్వ జొన్నరొట్టె తట్టే చప్పుడు, ముందు గదిలో మగ్గం చప్పుడు, రెండూ ఒకదాన్నొకటి పలకరించుకున్నట్టు ఉండేవి. అమ్మ వసారాలో రాట్నం దగ్గర కూర్చుని కండెలకు నూలు చుట్టేది. ఇంటి నిండా పులిసిన గంజి వాసన. బట్టలకూ, తలకూ, పుస్తకాలకూ అదే వాసన. బడిలో పక్కపిల్ల ముక్కు మూసుకుంటే నాకు అర్థమయ్యేది కాదు. అన్నిటికంటే బాగా గుర్తున్నది పడుగు పరిచే పొద్దు. చీరకు నిలువుగా పోయే దారాలన్నీ కలిపి పడుగు అంటాం. దాన్ని మగ్గానికి ఎక్కించే ముందు వీధి పొడవునా సాగదీసి, రెండు కొసలా గుంజలకు కట్టి, పెద్ద కుంచెలతో గంజి పట్టిస్తారు. ఎవరి పడుగైనా ఇంటికొకరు వచ్చి చెయ్యి వెయ్యాల్సిందే. వాళ్ళతో మాటలున్నాయా లేవా అని చూడరు. పడుగు వీధిలో ఉన్నంతసేపు ఎవరూ దాటరు. సైకిలు మీద వచ్చేవాడు దిగి, చుట్టు తిరిగి పోతాడు. ఒకసారి తాసిల్దారు గుర్రపు బండి కూడా సందు మొదట్లో ఆగిపోయిందని మా చిన్నాయన చెప్పేవాడు గానీ ఆయన చెప్పేవాటిలో సగం కోసి పారేయాలి. గంజి పట్టించే ముందు వీధిలో అందరికన్నా పెద్దవాడు పడుగు ఈ కొస నుంచి ఆ కొస దాకా అరచెయ్యి ఆనించి నడవాలి. తెగిన పోగు చేతికి తగులుతుంది. మా వీధిలో ఆ చెయ్యి మా తాతది. కళ్ళు ఎటో పెట్టుకుని, పక్కవాడితో పరాచికాలాడుతూ నడిచి, ఠక్కున ఆగి తెగిన పోగు పట్టుకునేవాడు.

మా నాయన ఇంకో రకం మనిషి. ఆదివారం ఆదివారం గ్రంథాలయం వెనక రేకుల గదిలో చర్చ జరిగేది. నేతగాళ్ళు, దర్జీలు, బడి పంతుళ్ళు, ఒకరిద్దరు మిల్లు గుమాస్తాలు. దయ్యాలున్నాయా, బాణామతి నిజమా, వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే తప్పేమిటి, ఇట్లాంటివి. అందులో ఒక పద్ధతి ఉండేది. ఎవరైనా తన వాదన ఎత్తుకునే ముందు ఎదుటివాడి వాదన తానే చెప్పాలి. ఎదుటివాడు, అవును, నేననేది ఇదే, అని తల ఊపేదాకా చెప్పాలి. తల ఊపాకే తన మాట. ఎదుటివాణ్ణి వెక్కిరించడానికి వచ్చినవాళ్ళు ఈ పద్ధతికి విసుగెత్తి రెండో వారానికే రావడం మానేసేవారు. నాయన నన్ను వెంటబెట్టుకుని పోయేవాడు. నేను ఈ వయసు దాకా వేదికలెక్కి ఎందరితో కొట్లాడినా, ఆ రేకుల గదిలో బొరుగులు తింటూ విన్నదే నా చదువు.

ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి, చంద్రుడి మీద నుంచి చైనా గోడ కనపడుతుందంట అని ఇంట్లో చెప్పాను. మా సైన్సు సారు చెప్పాడు. ఆ సారంటే నాకు ప్రాణం. నాయన, పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడె ఆపకుండానే, అన్నాడు.

"మీ సారు పోయి సూసొచ్చినాడా?"

"పుస్తకంలో ఉందంట."

"పుస్తకం రాసినాయప్ప పోయి సూసొచ్చినాడా?"

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. పక్క గుంతలోంచి తాత కసిరాడు. "బడి నుంచి వచ్చిన బిడ్డను ఏడిపిస్తావేందిరా? నీ సర్చలు ఆ రేకుల గదిలో పెట్టుకో. రాజ్యాల పొడుగునా కట్టిన గోడ కనపడకుంటే ఇంగేం కనపడతాది?"

"పొడుగుంటే సాలదు నాయనా. అడ్డం గూడా ఉండల్ల."

"ఏం సాలదు? ఆదోనిలో మీ మామోళ్ళ వీధిలో పడుగు పరిస్తే కోట మీంచి కనపడతాది. నేను వయసులో ఉన్నప్పుడు సూసినా. పడుగుకు అడ్డం ఎంతుందిరా? చేతులు సాపినంత."

"సూద్దాం పా అయితే" అన్నాడు నాయన.

మగ్గాల వీధిలో పుట్టినవాళ్ళకు తప్ప ఇంకెవరికీ రాని ఆలోచన ఇది. మాకు గొప్పతనమంటే పొడవే. ఏ నేతగాడి పడుగు పొడవైతే ఆ నేతగాడు గొప్ప. రాజుల కాలంనాడు ఎవరో కట్టిన గోడ కూడా మా తాత లెక్కలో ఒక పడుగే. అంత పొడవున సాగదీసినవాడి పని కనపడకుండా పోతుందంటే ఆయన ఒప్పుకోలేకపోయాడు. ఆయనకు చైనాతో ఏం పని? ఆయన వాదించింది తన కోసం. అది మాకు తర్వాత తెలిసింది.

అవ్వ పుట్టినిల్లు ఆదోనిలో, కోట గుట్ట కిందే. అవ్వ తమ్ముడి మనవరాలికి పుట్టెంట్రుకలు తీస్తున్నారంటే అందరం బస్సెక్కి పోయాం. మరుసటి పొద్దున వాళ్ళ వీధిలో పడుగు పరిచారు, ఎర్ర అంచు చీరలది. ఎంత చుట్టమై వచ్చినా తాత ఊరుకుంటాడా? ఈ కొస నుంచి ఆ కొస దాకా చెయ్యి ఆనించి నడిచాడు. తెగిన పోగు ఒకటి పట్టుకుని, "ఏమప్పా, ఆదోనోళ్ళకు నూలు కన్నా మాటలు గట్టి" అని అందరినీ నవ్వించాడు. అప్పుడు మేం నలుగురం, తాత, నాయన, చిన్నాయన, నేను, గుట్ట ఎక్కడం మొదలుపెట్టాం. తాత నా భుజం మీద చెయ్యి వేశాడు. "జారతావే సరోజీ, నన్ను పట్టుకో" అన్నాడు. పట్టుకున్నది మాత్రం ఆయన. మెట్టు వచ్చినప్పుడల్లా ఆ చెయ్యి నా భుజాన్ని కొద్దిగా నొక్కేది. నాకది ప్రేమగా తోచింది. ప్రేమ కాదని ఇప్పుడూ అనను.

పైకి చేరేసరికి గాలి లేచింది. దుమ్ము పొరలు పొరలుగా ఊరి మీద కదులుతోంది. కింద మిద్దెలు, జిన్నింగు మిల్లు ఆవరణలో దూది గుట్టలు, వాటి అవతల ఎర్రమట్టి, నల్లరేగడి. నాయన చర్చల మనిషి కదా, చూడడానికి కూడా పద్ధతి పెట్టాడు. ఒక్కొక్కరే బండ అంచుకు పోయి చూడాలి. వచ్చి తన చెవిలో మాత్రమే చెప్పాలి. తక్కినవాళ్ళు గుట్ట వైపు తిరిగి నిలబడాలి. ముందు చిన్నాయన పోయాడు. తర్వాత నేను. కింద ఇళ్ళ మధ్య సన్నగా, తెల్లగా, సూటిగా ఒక గీత. "ఉంది నాయనా, కనపడతాంది!" అన్నాను నాయన చెవిలో. నా సారు గెలిచాడని నాకు ఎంత సంబరమో! తర్వాత తాత పోయాడు. ఆయన చెవిలో చెప్పలేదు. అంచున నిలబడి, గాలికి ఎగురుతున్న పంచెను ఒక చేత్తో పట్టుకుని, అందరికీ వినపడేటట్టు అన్నాడు.

"ఏంరా, నేనేం సెప్పినా? అదిగో. నిలువునా కనపడతాంది. గంజి ఆరి మెరుస్తాంది గూడా. అదో, ఆ కొసన మీ మామ కుంచె పట్టుకోని నిలబడినాడు. ఎర్ర అంచు గూడా తెలస్తాంది సూడు."

చివరగా నాయన చూశాడు. చాలాసేపు చూశాడు. "నాకూ కనపడింది" అని ఒప్పుకున్నాడు. చిన్నాయన ఈల వేశాడు. తాత దిగుతున్నంతసేపు చైనావాళ్ళ మీద జాలిపడ్డాడు. అంత గోడ కట్టి కూడా నా కొడుకు చేతిలో పడినారు పాపం, అని.

కిందికొచ్చేసరికి వీధి ఖాళీ. గుంజలు మాత్రం ఉన్నాయి. అవ్వ అరుగు మీద కూర్చుని మధ్యాహ్నానికి బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"పడుగేదే?" అన్నాడు తాత.

"గాలి లేసె గదా. మీరు సగం గుట్ట ఎక్కకముందే సుట్టేసినారు. మిద్దెలో ఉండాది పో."

నాయన వీధి వెనక్కి పోయి చూసొచ్చాడు. తర్వాత చిన్నాయన నవ్వడం మొదలుపెట్టాడు. మేం చూసింది వీధి వెనక ఎండిన వంకలోని ఇసుక. రోజూ ఉండేదే. పడుగు కోసం పోయిన కళ్ళు దాన్నే పడుగు చేసుకున్నాయి. నాయన కూడా నవ్వాడు. "నేనూ సూసినా గదరా! సర్చలో నాకే బుద్ధి సెప్పల్ల" అని తల కొట్టుకున్నాడు. నవ్వులు అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. చిన్నాయన ఆగలేదు. "మాకు ఒట్టి గీత కనపడింది నాయనా. నీకు ఎర్ర అంచు కనపడె! మామ కుంచె కనపడె! ఇంగ కొంచేపుంటే ఆ కుంచెకు ఎన్ని ఎంట్రుకలుండాయో గూడా సెప్తాంటివి!" అన్నాడు. వీధిలో వాళ్ళూ చుట్టాలూ అందరూ పడీపడీ నవ్వారు. తాత కూడా నవ్వాలని చూశాడు. పెదాలు కదిలాయి గానీ నవ్వు రాలేదు. ఆ పూట అవ్వ మరదలు ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పళ్ళెంలో పెట్టి ఇస్తే, ఆకలి లేదని పక్కకు జరిపాడు. ఉగ్గాని వద్దన్న తాతను నేను అంతకుముందు చూడలేదు.

నాయన వంటింట్లోకి పోయాడు. నేను వెంటే ఉన్నాను. అవ్వ పొయ్యి వైపు తిరిగి కూర్చుని ఉంది. వెనక్కి తిరగకుండానే చెప్పింది.

"మీ నాయనకు కండ్లు ల్యావురా. శానా నాళ్ళాయె. ఎరుపూ నలుపూ తెల్దు. మొగం మీదికొచ్చి నిలబడితే గొంతు ఇని సెప్తాడు ఎవురో."

"మరి నేస్తాండాడు గదమ్మా?"

"కండెలు నేను ఇస్తాండా గదా."

అప్పుడు నాకు ఒక దృశ్యం తిరగబడినట్టయింది. తాత నేసేటప్పుడు అవ్వ గుంత అంచున కూర్చునేది. పని లేక కూర్చుంది అనుకునేవాళ్ళం. ఎర్ర కండెలు ఆయన ఎడమచేతి పక్క, నల్లవి కుడిచేతి పక్క, వరసగా పెట్టేది. ఎన్ని పోగులకు రంగు మారాలో ఆయన చేతికి తెలుసు. ఏ రంగు ఎక్కడుందో అవ్వ పెట్టేది. తెగిన పోగు వేళ్ళకు దొరుకుతుంది. కళ్ళతో పని ఏముంది? ఇద్దరూ దాని గురించి ఒక్క మాట కూడా అనుకోలేదంట. ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. ఒకనాడు ఆయన చెయ్యి నల్ల కండె కోసం తడుముకోవడం చూసి ఆమె వచ్చి కూర్చుంది. అంతే. ఇన్నేళ్ళుగా నేను ప్రేమ గురించి చదివినవాటిలో ఇంతకన్నా గొప్పది లేదు. ఇంతకన్నా కీడు చేసిందీ లేదు. రెండూ ఒకేసారి నిజమని ఒప్పుకోవడానికి నాకు సగం జీవితం పట్టింది.

ఎమ్మిగనూరుకు తిరిగి వచ్చాక నాయన తాత వెంట పడ్డాడు. కర్నూలులో కంటి డాక్టరున్నాడు, శుక్లమైతే తీసేస్తాడు, అద్దాలిస్తాడు. వీధిలో చూపించుకున్నవాళ్ళ పేర్లు చెప్పాడు. రేకుల గదిలో అందరి నోళ్ళూ మూయించే మాటలన్నీ వాడాడు. తాతది ఒక్కటే జవాబు, "నాకు కనపడతాంది." ఒకరోజు కోపం పట్టలేక, "కనపడితే కొండ మీద ఎర్ర అంచు ఎట్ల సూసినావు?" అన్నాడు నాయన. తాత నాడె కింద పెట్టాడు. "అయితే దించు నన్ను. మగ్గం దించి వసారాలో కూసోబెట్టు. ఆడోళ్ళ పక్కన రాట్నం తిప్పుకుంటా" అన్నాడు. నాయన లేచి బయటికి పోయాడు. ఆ రోజు ఇంట్లో మగ్గాలు మోగలేదు.

అంత పని జరిగినాక ఒక మధ్యాహ్నం, నాయన వచ్చి తాత గుంతలోకి దిగి ఆయన పక్కనే ఇరుక్కుని కూర్చున్నాడు. నేను గడపలో అక్షరాలు దిద్దుకుంటున్న తమ్ముణ్ణి చూసుకుంటూ వింటున్నాను.

"నాయనా, నీ మాట నేను సెప్తా. సరిగ్గా సెప్పినానో ల్యాదో సూడు" అన్నాడు. "కండ్లు పోయినాయని ఒప్పుకుంటే మగ్గం పోతాది. మగ్గం పోతే వీధిలో పడుగు మీద నీ చెయ్యి పోతాది. ఇంట్లో నీ మాట పోతాది. పొద్దన లేస్తే యాడికి పోవల్లనో తెల్దు. కత్తి పెట్టిన కన్ను బాగైతే మేలే, కాకుంటే ఇప్పుడు కనపడే ఆ రోంత ఎలుగు గూడా పోతాది. కోసినాంక మళ్ళా అతకడానికి అది పోగు గాదు. దాని కన్నా ఇట్లే బాగుంది. ఆమె కండె ఇస్తాంది, నువ్వు నేస్తాండావు. ఎవురికీ నష్టం ల్యా. ఇదేనా?"

తాత తల ఊపాడు. ఒకసారి కాదు, ఊపుతూనే ఉన్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. చూపు లేని కళ్ళకు కూడా నీళ్ళు వస్తాయని నేను అప్పుడే చూశాను.

"ఇంగ నీ మాట సెప్పు" అన్నాడు.

"నా మాటేం ల్యా నాయనా. బాగైన కండ్లు పెట్టుకోని నేను ల్యానిది సూసినా. నీకు కనపడకపోతే అందులో సిగ్గేముంది? మగ్గం నీదే. కండ్లు బాగైనా నీదే, కాకున్నా నీదే. పోదాం పా."

ఎంతో మంది వక్తలను విన్నాను. మా నాయన గెలిచిన ఒకే ఒక్క వాదం, వాదించకుండా గెలిచింది, ఇదే అంటాను. మరుసటి వారం తాతను కర్నూలు తీసుకుపోయారు. డాక్టరు ఒక కంట్లో శుక్లం తీసి చూపు తెప్పించాడు. రెండో కన్నుకు ఏం చెయ్యలేనన్నాడు. అందులో ఒత్తిడి పెరిగి లోపలి నరం ఎప్పుడో చచ్చిపోయింది. నీటికాసులు అంటారు దాన్ని. నొప్పి ఉండదు, చెప్పి రాదు, పోయిన చూపు తిరిగి రాదు. ముందే తెచ్చుంటే ఆపేవాణ్ణి అన్నాడు. అవ్వ ఆ మాట విని, ఆసుపత్రి గోడకు ఆనుకుని అట్లనే కిందికి జారి కూర్చుంది. ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. ఏమని అంటారు?

కట్టు విప్పి, సీసా అడుగులంత మందం అద్దాలు పెట్టుకుని ఇంటికొచ్చిన తాత ముందు అవ్వను చూశాడు. దగ్గరికి పిలిచి, తల పట్టుకుని వెలుతురు వైపు తిప్పాడు.

"నీ తల ఎప్పుడే ఇంత తెల్లబడె?"

"నువ్వు సూడనప్పుడు" అంది అవ్వ.

మగ్గం దగ్గరికి పోయి గుంతలో కాళ్ళు పెట్టాడు. నేసి ఉన్న బట్టను అంచు దాకా విప్పి చూసుకున్నాడు. అవ్వ అలవాటుగా వచ్చి కండెలు ఎడమకు ఎర్రవి, కుడికి నల్లవి సర్దబోయింది. ఆయన ఆమె చేతిలోంచి బుట్ట తీసుకుని అన్నీ కలిపేశాడు. "నేనే ఏరుకుంటా" అన్నాడు. అవ్వ ఆ తర్వాత కూడా గుంత అంచున కూర్చోవడం మానలేదు. పని లేకుండా.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ పొద్దు గాలి లేవకుండా పడుగు అట్లనే ఉండి ఉంటే కోట మీంచి కనపడేదేమో. ఆ గుట్ట ఏమంత ఎత్తు? తాత వయసులో ఉన్నప్పుడు చూశానన్నది నిజమే అయి ఉండొచ్చు. కాబట్టి మా పరీక్ష గోడ గురించి ఏమీ తేల్చలేదు. కళ్ళ గురించి తేల్చింది. కావాలనుకున్నది కనపడుతుంది, ఒప్పుకోవడానికి భయపడింది కనపడదు. అందుకే నేను ఎవరు ఏది చూశామన్నా ఎక్కడి నుంచి, ఏ కంటితో, ఇంకెవరు చూశారు అని అడుగుతాను. నన్ను మొండి ముసలిది అంటారు. అననీండి.

ఆదోని బడి నుంచి అదే సాయంత్రం ఎమ్మిగనూరు పోయాను. మా వీధిలో ఇప్పుడు పడుగులు పరిచేవాళ్ళు లేరు. మోటారు సైకిళ్ళు ఆగే పని లేదు. గంజి వాసన లేదు. వీధి చివర మందుల దుకాణం ఉంది, దానికి రెండడుగుల్లో కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. కర్నూలు పోనక్కర్లేకుండా కంటి డాక్టరు ఉన్నాడు. ఆ రోజుల్లో తాతకు లేనివన్నీ ఉన్నాయి. చిన్నాయన ఉన్నాడు, కొడుకు ఇంట్లో, టీవీ ముందు. నన్ను గొంతు విని గుర్తుపట్టి, "రావే సరోజీ!" అన్నాడు. కోడలు కాఫీ గ్లాసు తెచ్చి ఆయన అరచేతిలో పెట్టి, వేళ్ళు దాని చుట్టూ మూసి పోయింది. నీళ్ళ చెంబు కుడిపక్క, మాత్రల డబ్బా ఎడమపక్క.

"కండ్లు ఎట్లుండాయి చిన్నాయనా?"

"బాగుండాయి. కనపడతాంది లేవే."

లేచి పోయి ఆయన కుడి కన్ను నా చేత్తో మూశాను. "నా చీర ఏ రంగు?" అన్నాను. ఆయన నవ్వాడు. పెదాలు కదిలాయంతే, ఆ నవ్వు నేను తాత మొహం మీద చూశాను. నా చెయ్యి పట్టుకుని, "మా నాయన్ను అందరి ముందర ఎంత నవ్వులపాలు జేస్తినే ఆ పొద్దు" అన్నాడు. మరుసటి రోజు ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. శుక్లమేనన్నారు. రెండు కళ్ళూ దక్కుతాయి. కోడలు నా ముందు ఏడ్చింది, ఆయన బాధపడతాడని చెప్పలేదక్కా అని. ఆమెను నేనేమీ అనలేదు. అంటే మా అవ్వను అన్నట్టే.

కానీ మిమ్మల్ని అంటాను. ఇది చదవడం ఇక్కడ ఆపండి. మీ ఇంట్లో అరవై దాటినవాళ్ళెవరో వాళ్ళ దగ్గరికి లేచి వెళ్ళండి. బాగా కనపడుతోందా అని అడగకండి, ఆ ప్రశ్నకు జవాబు అన్ని ఇళ్ళలోనూ ఒకటే. ఒక కన్ను అరచేత్తో మూయండి. గోడ మీద క్యాలెండరు చదివించండి. చదువు రాకపోతే చీర అంచు ఏ రంగో చెప్పమనండి. తర్వాత రెండో కన్ను. తడబడితే నవ్వకండి, సర్దిచెప్పకండి, వస్తువులు చేతికి అందేటట్టు పెట్టి ఊరుకోకండి. తడబడకపోయినా సరే, నొప్పి లేకుండా పోయే చూపు డాక్టరు చూస్తే తప్ప తెలియదు. రేపు పొద్దున్నే తీసుకువెళ్ళండి. వెళ్ళండి.